ఊరు మారిస్తే పేదరికం పోతుందా?

(రైతు సంఘం జిల్లా శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకు ఇచ్చిన అంశం గ్రామాల తరలింపు, పేదరికం. తరలింపు అనగానే మనకు డ్యాములు గుర్తొస్తాయి. ప్రాజెక్టు కడతారు, ఊరు ఖాళీ చేయమంటారు, పదిమంది కోసం మీరు త్యాగం చేయాలంటారు. ఆ మాట మనకు పాతదే. ఈమధ్య ఇంకో మాట వినిపిస్తోంది. "మీ మంచి కోసమే మిమ్మల్ని తరలిస్తాం" అని. కొండ మీద ఉన్న పది ఇళ్ళకు రోడ్డు వేయడం కంటే ఆ పది ఇళ్ళను కిందికి దించడం చౌక అంటున్నారు. నల్లమలలో చెంచు పెంటలను బయటికి తెస్తే పిల్లలకు బడి, రోగులకు ఆసుపత్రి దగ్గరవుతాయంటున్నారు.

ఈ మాటను వినీ విననట్టు వదిలేయడానికి లేదు. నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకుంటూ కొండ దిగే ఊళ్ళు మన ఏజెన్సీలో ఇంకా ఉన్నాయి. డోలీ మోసినవాడి దగ్గరకు వెళ్ళి "నీ ఊరు నీది, అక్కడే ఉండు" అని చెప్పి వచ్చేస్తే మన బాధ్యత తీరిపోదు. అట్లాగని కాలనీలో ఇల్లు చూపించగానే తలూపమని చెప్పడం కూడా సరికాదు. అందుకని ఒకటే ప్రశ్న వేసుకుందాం. పేదవాణ్ణి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారిస్తే పేదరికం తగ్గుతుందా? తగ్గినచోట ఎందుకు తగ్గింది? పెరిగినచోట ఎందుకు పెరిగింది? ప్రపంచంలో ఈ పని పెద్ద ఎత్తున చేసిన దేశాలున్నాయి. ముందు వాటిని చూసి, తర్వాత మన ఊళ్ళకు వద్దాం.

చైనా ఏం చేసింది

ఈ విషయంలో అందరికంటే పెద్ద పని చేసింది చైనా. 2016 నుంచి 2020 వరకు, ఐదేళ్ళలో, కొండల్లోనూ ఎడారి అంచుల్లోనూ ఉన్న 96 లక్షల మంది పేదలను వేరేచోటికి మార్చారు. 35 వేల దాకా కొత్త ఆవాసాలు కట్టారు. ఒక్క గుయిజౌ రాష్ట్రంలోనే 19 లక్షల మంది కదిలారు. ప్రభుత్వ లెక్క ప్రకారం దీని మీద పెట్టిన ఖర్చు సుమారు 60 వేల కోట్ల యువాన్లు. అప్పట్లో యువాన్ మనకు పది, పదకొండు రూపాయలు. అంటే మనిషికి ఆరు లక్షల రూపాయలకు పైమాటే, నలుగురున్న కుటుంబానికి పాతిక లక్షలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మన ప్యాకేజీల దగ్గరకు వచ్చినప్పుడు పనికొస్తుంది.

అతులేర్ అనే ఊరి కథ మీలో కొందరు పేపర్లో చూసే ఉంటారు. సిచువాన్ రాష్ట్రంలో 800 మీటర్ల నిటారు కొండచరియ మీద ఉన్న ఊరు. అక్కడివాళ్ళు యీ అనే జాతివాళ్ళు. పిల్లలు వీపున పుస్తకాల సంచులతో తీగలతో అల్లిన నిచ్చెనలు పట్టుకుని ఆ చరియ ఎక్కుతున్న ఫోటోలు 2016లో ప్రపంచమంతా చూసింది. ప్రభుత్వం ముందు ఇనుప నిచ్చెన వేసింది. దానికి 2,556 మెట్లు. తర్వాత 2020 మే నెలలో 84 కుటుంబాలను కింద పట్టణంలో కట్టిన అపార్ట్‌మెంట్లలోకి మార్చారు. ఇంటికోసం మనిషికి 2,500 యువాన్లు, కుటుంబం మొత్తానికి 10 వేలకు మించకుండా తీసుకున్నారు. మిగతాది ప్రభుత్వం భరించింది.

ఇందులో మంచి లేదనలేం. బడి దగ్గరైంది, ఆసుపత్రి దగ్గరైంది, ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. కానీ కొన్ని కుటుంబాలు కొండమీదే ఉండిపోయాయి. పంట అక్కడే ఉంది, మేకలు అక్కడే ఉన్నాయి, ఆ నిచ్చెన చూడ్డానికి వచ్చే పర్యాటకుల వల్ల నాలుగు డబ్బులూ అక్కడే వస్తున్నాయి. నాలుగో అంతస్తులో ఇల్లు ఇస్తే మేకను ఎక్కడ కట్టేస్తాం? ఎరువు దిబ్బ ఎక్కడ వేస్తాం? కొండమీద డబ్బు లేకుండా జరిగిపోయినవి కొన్ని ఉంటాయి. కట్టెలు కొనక్కర్లేదు, కూర కొనక్కర్లేదు. పట్టణంలో కరెంటు బిల్లు, గ్యాసు, కూరగాయలు అన్నీ కొనుక్కోవాల్సిందే. చేతిలో పని లేకపోతే కొత్త ఇంట్లో కూర్చుని పస్తుండాలి.

ఈ సంగతి చైనా పాలకులకు తెలియక కాదు. అందుకే కొత్త ఆవాసాల పక్కనే చిన్న వర్క్‌షాపులు పెట్టారు, యువకులను తీరప్రాంత ఫ్యాక్టరీలకు పంపారు. 2020 తర్వాత వాళ్ళ దృష్టి అంతా ఇళ్ళు కట్టడం మీద నుంచి పని చూపించడం మీదకు మళ్ళింది. యువకులకు కొంతవరకు పని దొరికింది. యాభై దాటిన రైతుకు ఏ ఫ్యాక్టరీ పని ఇస్తుంది? ఇది అక్కడ ఇంకా తేలని ప్రశ్నే. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా చెప్పాలి. పాత ఇల్లు కూలగొట్టినా, పాత ఊళ్ళో పొలం మీద, అడవి మీద ఆ కుటుంబానికున్న సాగు హక్కు పోలేదు. ఆ భూమిలో అడవి పెంచితే దానికి సాయం అందింది. మన దగ్గర మాదిరిగా ఊరు వదిలిన రోజే పాస్‌బుక్కు చిత్తుకాగితం కాలేదు.

నీళ్ళు ముందు, మనుషులు తర్వాత

చైనాలోనే ఇంకో పాత ఉదాహరణ ఉంది. నా దృష్టిలో అపార్ట్‌మెంట్ల కంటే మన రైతులు నేర్చుకోవాల్సింది ఇందులోనే ఎక్కువ. వాయువ్యాన నింగ్‌షియా అనే ప్రాంతం ఉంది. దాని దక్షిణ భాగం మన అనంతపురం కంటే ఎండు నేల. అక్కడి పేదలను 1983 నుంచి ఉత్తరాన పసుపు నది దగ్గరి మైదానాలకు మార్చడం మొదలుపెట్టారు. మార్చిన పద్ధతి చూడండి. మొత్తం కుటుంబం ఒక్కసారే మూట కట్టుకుని పోలేదు. ముందు ఇంట్లో ఒకరిద్దరు వెళ్ళి, ఇచ్చిన నేల చదును చేసుకుని, గుడిసె వేసుకుని, మొదటి పంట వేసేవారు. పాత ఊళ్ళో ఇల్లు, పొలం అట్లాగే ఉండేవి. కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు అక్కడ. కొత్తచోట పంట చేతికొస్తుందన్న నమ్మకం కుదిరాక పిల్లలను, ముసలివాళ్ళను తీసుకెళ్ళేవారు.

తర్వాత 1998లో హోంగ్‌సిబు అనే చోట పెద్ద ఎత్తిపోతల పథకం పెట్టారు. పసుపు నది నీళ్ళను దశలవారీగా పైకి తోడి బీడు మీదకు తెచ్చారు. ఆ నీళ్ళ చుట్టూ రెండు లక్షల మందికి పైగా స్థిరపడ్డారు. ద్రాక్ష, మొక్కజొన్న, పశువులు, గోజీ పండ్లు వాళ్ళ జీవనాధారమయ్యాయి. అక్కడ కూడా చౌడు తేలిన భూములున్నాయి, ఇబ్బంది పడిన కుటుంబాలున్నాయి. కానీ రైతును రైతుగానే ఉంచి, నీళ్ళున్న నేల చూపించి మార్చారు కాబట్టి ఎక్కువమంది నిలదొక్కుకున్నారు.

టాంజానియా జీడితోటలు

ఇప్పుడు ఇంకో దేశానికి వెళ్దాం. ఆఫ్రికాలో టాంజానియా. 1967లో జూలియస్ నైరేరే నాయకత్వంలో ఆ దేశం అరూషా ప్రకటన చేసింది. ఆయన నిజాయితీపరుడు, పేదల పక్షపాతి. ఆయన ఆలోచన కూడా తప్పు కాదు. జనం ఒక్కో ఇల్లు ఒక్కోచోట చెదురుమదురుగా ఉంటే బడి ఎక్కడ కట్టాలి, బోరు ఎక్కడ వేయాలి? అందరూ ఒకచోట ఊరుగా చేరితే అన్నీ అందించవచ్చు, కలిసి సాగు చేసుకోవచ్చు అన్నాడు. మొదట ఇష్టమున్నవాళ్ళే రమ్మన్నారు. జనం అంతగా కదల్లేదు. 1973 నవంబరులో ఆయనే, 1976 చివరికల్లా అందరూ ఊళ్ళల్లోకి రావాల్సిందేనని ఆదేశమిచ్చాడు.

అక్కడితో కథ మారిపోయింది. లారీలొచ్చాయి. కదలనివాళ్ళ గుడిసెలు కొన్నిచోట్ల తగలబెట్టారు. రెండు మూడేళ్ళలో సుమారు 50 లక్షల మందిని మార్చారు. ఊళ్ళను చాలావరకు రోడ్డు పక్కన పెట్టారు, అధికారుల జీపు వెళ్ళడానికి వీలుగా. నేల సారం చూడలేదు, నీటి ఊట చూడలేదు. పొలాలు గంటల నడక దూరమయ్యాయి. కాపలా లేక కోతులు, అడవి పందులు పంటను మిగల్చలేదు. కోతులతో, పందులతో వేగే రైతులు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు వేరే చెప్పక్కర్లేదు. అదే సమయంలో కరువు కూడా వచ్చింది. 1974-75లో ఆ దేశం విదేశాల నుంచి తిండిగింజలు తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇందులో మనకు బాగా అర్థమయ్యేది జీడి సంగతి. టాంజానియా దక్షిణాదిలో రైతులకు జీడితోటలే ఆధారం. మన పలాసలో ఒలిచే జీడిగింజల్లో ఆఫ్రికా గింజలు కూడా ఉంటాయని మీకు తెలుసు. తరలింపులో రైతులు ఆ చెట్లకు దూరమయ్యారు. కలుపు తీసేవాడు లేడు, రాలిన గింజ ఏరేవాడు లేడు. 1973-74లో లక్షా 45 వేల టన్నులున్న దిగుబడి 1980ల మధ్యకొచ్చేసరికి 20 వేల టన్నుల లోపుకు పడిపోయింది. ధర గిట్టకపోవడం, తెగుళ్ళు కూడా కారణాలే. అయినా చెట్టుకూ రైతుకూ మధ్య దూరం పెంచడం పెద్ద కారణమని అందరూ ఒప్పుకున్నారు. మరోవైపు బడులు నిజంగానే పెరిగాయి, చదువుకున్నవాళ్ళు పెరిగారు. మంచి ఉద్దేశం ఉంది, మంచి నాయకుడున్నాడు, బడి కూడా వచ్చింది. కానీ రైతును అడగకుండా మార్చారు, పొలానికి దూరంగా మార్చారు. ఆ రెండు తప్పులూ కలిసి తిండికి కరువు తెచ్చాయి.

ఇథియోపియాలోనూ ఇట్లాగే జరిగింది. 1984-85 కరువులో ఉత్తరాది నుంచి సుమారు 6 లక్షల మందిని నైరుతి అడవి ప్రాంతాలకు, చాలామందిని బలవంతంగా, పంపారు. తెలియని నేల, మలేరియా, తిండి లేదు. వేలమంది చనిపోయారు. అందుకే 2003లో మళ్ళీ 22 లక్షల మందిని మార్చాలనుకున్నప్పుడు నియమాలు మార్చుకున్నారు. ఇష్టమున్నవాళ్ళే వెళ్ళాలి, సొంత రాష్ట్రం దాటించకూడదు, నచ్చకపోతే తిరిగి రావచ్చు, పాత ఊళ్ళో పొలం మూడేళ్ళపాటు అతని పేరనే ఉంటుంది. అమలులో లోపాలున్నాయి. చాలాచోట్ల ఆసుపత్రి, నీళ్ళు సమయానికి రాలేదు. అయినా ఆ నియమాలు ఊరికే రాలేదు. అంతమంది చావు చూశాక వచ్చాయి.

మనవాళ్ళూ ఊళ్ళు మారారు

ఎవరూ తరలించకుండా ఊళ్ళు మారిన రైతులు మనలోనే ఉన్నారు. నిజాంసాగర్ నీళ్ళు పారాక బోధన్, బాన్సువాడ వైపు, 1953లో తుంగభద్ర డ్యాం వచ్చాక కర్ణాటకలో సింధనూరు, గంగావతి వైపు కోస్తా రైతులు వెళ్ళి స్థిరపడ్డారు. పేరు చివర "క్యాంపు" అని ఉండే ఊళ్ళు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడ ఎకరం అమ్మి అక్కడ నాలుగైదు ఎకరాలు కొన్నారు. బంధువులు, ఊరివాళ్ళు గుంపుగా వెళ్ళారు. వరి పండించడం తెలుసు, నీళ్ళున్న నేల దొరికింది, బాగుపడ్డారు.

కానీ ఈ కథ సగమే చెప్పుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. వెళ్ళినవాళ్ళు ఎకరమో రెండెకరాలో అమ్ముకోగలిగినవాళ్ళు. సెంటు భూమి లేనివాడు వెళ్తే అక్కడా కూలికే వెళ్ళాడు. అక్కడి మెట్ట రైతుల్లో చాలామంది కాలువ విలువ తెలియక చౌకగా భూమి అమ్ముకుని, తమ పొలంలోనే కూలీలయ్యారు. అంటే ఒక ఊరివాళ్ళు వచ్చి పడినప్పుడు, ముందు నుంచీ అక్కడున్నవాళ్ళ సంగతి కూడా చూడాలి. లేకపోతే ఇక్కడి పేదరికాన్ని అక్కడి పేదవాడికి అంటగట్టినట్టవుతుంది.

ఇక ప్రభుత్వం తరలించినవాళ్ళు. శ్రీశైలం రిజర్వాయరు కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా గ్రామాలు మునిగాయి. 1981 వేసవిలో పోలీసులను పెట్టి ఇళ్ళు కూలగొట్టారు. దానికి పెట్టిన పేరే ఆపరేషన్ డెమాలిషన్. నష్టపరిహారం డబ్బుగా ఇచ్చారు. అంతమంది చేతిలో ఒక్కసారి డబ్బు పడితే చుట్టుపక్కల భూమి ధర ఏమవుతుంది? పది ఎకరాలు పోయినవాడికి రెండు ఎకరాలు కూడా రాలేదు. తర్వాత 1986లో ఇంటికో ఉద్యోగం అని 98వ నంబరు జీవో ఇచ్చారు. ఆ ఉద్యోగాల కోసం నిర్వాసితుల పిల్లలు ధర్నాలు చేస్తూనే వయసు మళ్ళారు. వేసవిలో నీళ్ళు తగ్గితే పాత నేల తేలుతుంది. ఆ ఒండ్రులో నాలుగు గింజలు వేసుకుందామని ఇప్పటికీ వెళ్ళేవాళ్ళున్నారు. డబ్బిచ్చి పంపిన రైతు ఇన్నేళ్ళ తర్వాత కూడా నేల కోసమే తిరిగి వస్తున్నాడు.

పోలవరం కింద కదలాల్సిన కుటుంబాలు లక్ష దాకా ఉన్నాయి. ముంపును 41.15 మీటర్ల కాంటూరు దగ్గర గీత గీసి, ఆ లోపలున్న ఊళ్ళను మొదటి దశ అన్నారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. గీతకు పైనున్న ఊళ్ళల్లోకి కూడా నీళ్ళొచ్చాయి. కాగితం మీద వాళ్ళకు ముంపు లేదు. ఇంట్లో మాత్రం నడుముల్లోతు నీళ్ళు. గిరిజనులకు భూమికి భూమి అన్నారు. ఇచ్చిన భూమిలో రాళ్ళున్నాయని, వివాదాలున్నాయని, నీళ్ళు లేవని నిర్వాసితులు ఏళ్ళ తరబడి అర్జీలు పెడుతూనే ఉన్నారు.

ఎనిమిదింటిలో ఇల్లు ఒక్కటి

ప్రపంచ బ్యాంకులో చాలాకాలం పనిచేసిన మైకేల్ చెర్నియా అనే సామాజిక శాస్త్రవేత్త దేశదేశాల్లో తరలింపులను పరిశీలించి ఒక లెక్క వేశాడు. తరలించినప్పుడు మనిషి పేదవాడు కావడానికి ఎనిమిది దారులున్నాయన్నాడు. మన మాటల్లో చెప్పుకుంటే ఇవి. భూమి పోవడం. పని పోవడం. ఇల్లు పోవడం. ఊళ్ళో ఉన్న స్థానం పోయి అంచుకు జరగడం. రోగాలు, మరణాలు పెరగడం. తిండికి కరువు రావడం. అడవి, చెరువు, మేత బీడు లాంటి ఉమ్మడి ఆస్తులు పోవడం. చుట్టరికాలు, ఇచ్చిపుచ్చుకోవడాలు తెగిపోవడం.

ఇప్పుడు మన పునరావాస కాలనీని ఈ ఎనిమిదింటి ముందు నిలబెట్టండి. అధికారులు వచ్చి మనకు చూపించేది ఏమిటి? ఇల్లు. శంకుస్థాపన ఇంటికే, ప్రారంభోత్సవం ఇంటికే, పేపర్లో ఫోటో ఇంటిదే. ఎనిమిది నష్టాల్లో ఒక్కదానికి మందు వేసి జబ్బంతా నయమైందంటున్నారు. మిగతా ఏడూ ఎవరి ఖాతాలో వేయాలి? చింతపండు, అడ్డాకు, తేనె అమ్ముకున్న డబ్బు ఏ ప్యాకేజీలోనూ లేదు. ఆడవాళ్ళ చేతికొచ్చేది ఆ డబ్బే. అది పోతే ఇంట్లో ఆమె మాట కూడా పోతుంది. కూతురి పెళ్ళికి అప్పిచ్చే పక్కింటివాడు వేరే కాలనీకి పోతే ఆ నష్టం ఏ సర్వేలో రాస్తారు?

ఈ మాట అంటే "పదిహేను లక్షలు ఇస్తున్నాం కదా" అంటారు. పులుల అభయారణ్యాల నుంచి కదిలే కుటుంబానికి ముందు పది లక్షలుగా ఉన్న ప్యాకేజీని 2021లో పదిహేను లక్షలు చేశారు. చైనాలో నలుగురున్న కుటుంబానికి పాతిక లక్షల దాకా పెట్టి కూడా, పని చూపించలేక తంటాలు పడ్డారని ఇందాకే చెప్పుకున్నాం. పైగా అక్కడ పాత పొలం మీద హక్కు మిగిలింది. ఇక్కడ పదిహేను లక్షల్లోనే ఇల్లు, భూమి, హక్కులు అన్నీ సర్దుకోవాలి. అడవి తప్ప వేరే బజారు ఎరగని కుటుంబం చేతిలో ఆ డబ్బు ఎన్నాళ్ళుంటుందో మీరే ఆలోచించండి.

చట్టంలో ఏముంది

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 2013 భూసేకరణ, పునరావాస చట్టం మన చేతిలో ఉంది. తర్వాత రాష్ట్రాలు సవరణలు తెచ్చి దాన్ని కొంత పలచన చేశాయి. అయినా దాని రెండో షెడ్యూలు, మూడో షెడ్యూలు ప్రతి మండల కమిటీ చదవాలి. కొన్ని సంగతులే చెబుతాను.

నిర్వాసిత కుటుంబం అంటే పట్టాదారు ఒక్కడే కాదు. మూడేళ్ళుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలు రైతు, పాలికాపు, వ్యవసాయ కూలీ కూడా ఆ లెక్కలోకి వస్తారు. సర్వే జరిగేటప్పుడు ఈ పేర్లు రాయించకపోతే తర్వాత ఎవరూ రాయరు.

సాగునీటి ప్రాజెక్టుల్లో భూమి పోయినవాళ్ళకు ఆయకట్టులో కనీసం ఎకరం ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది. అయితే ఎకరం గురించి చెప్పేచోట "సాధ్యమైనంత వరకు" అనే ఒక మాట పెట్టారు. ఆ మాటలో నుంచే భూమి జారిపోతోంది. కాబట్టి సాధ్యం కాదని ఎవరంటే వాళ్ళ చేత ఎందుకు కాదో రాతపూర్వకంగా ఇప్పించుకోవాలి.

కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, లేదా ఒకేసారి ఐదు లక్షలు, లేదా ఇరవై ఏళ్ళపాటు నెలకు రెండు వేలు. ఈ మూడింటిలో ఏది కావాలన్నది ఇచ్చేవాడి ఇష్టం కాదు. కుటుంబమే ఎంచుకోవాలి.

మూడో షెడ్యూలులో కొత్త ఊళ్ళో ఉండాల్సిన 25 సదుపాయాల జాబితా ఉంది. రోడ్డు, నీళ్ళు, రేషన్ షాపు, శ్మశానంతో పాటు పశువులకు తాగునీరు, మేత భూమి కూడా అందులో ఉన్నాయి. కాలనీ చూడటానికి వెళ్ళేటప్పుడు ఈ జాబితా జేబులో పెట్టుకుని వెళ్ళండి.

అన్నింటికంటే ముఖ్యమైనది, సాగునీటి, జల విద్యుత్ ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తికావాలి. నీళ్ళొచ్చాక లారీ పంపడం పునరావాసం కాదు. అది చట్టాన్ని ఉల్లంఘించడమే.

గ్రామసభలో అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఇక మనం చేయాల్సిన పని. రేపు మీ ఊళ్ళో గ్రామసభ పెట్టి తరలింపు గురించి అడిగితే "వద్దు" అనో "సరే" అనో వెంటనే చెప్పకండి. ముందు ఈ ప్రశ్నలు వేయండి, జవాబులు తీర్మానం పుస్తకంలో రాయించండి.

ఒకటి. మమ్మల్ని కదల్చకుండా రోడ్డు, బడి, వైద్యం ఇక్కడికే తేవాలంటే ఎంత ఖర్చవుతుంది? కదిలిస్తే ఎంత? రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించండి. చాలాసార్లు మొదటి లెక్క ఎవరూ వేసి ఉండరు.

రెండు. కొత్తచోట నా భూమి ఏది? సర్వే నంబరు చెప్పండి. నేల చూపించండి, నీళ్ళు చూపించండి. ఇల్లు కట్టకముందే మా రైతులు వెళ్ళి మట్టి చూసి వస్తారు.

మూడు. ఇంటి నుంచి పొలానికి ఎంత దూరం? పశువులు ఎక్కడ ఉంటాయి, ఎక్కడ మేస్తాయి? కల్లం ఎక్కడ? పాతచోట పోడు పట్టా, అటవీ హక్కులు, చింతచెట్ల మీద హక్కు ఏమవుతాయి?

నాలుగు. మొదటి పంట చేతికొచ్చేదాకా ఏం తినాలి? చట్టంలో ఏడాదిపాటు నెలకు మూడు వేలు అని ఉంది. ఆ అంకె 2013 నాటిది, ఇప్పుడు బియ్యం, పప్పు ధర ఎంతుందో అందరికీ తెలుసు. కనీసం రెండు పంటలు చూసుకునేదాకా పాత భూమి మా చేతిలోనే ఉంటుందా?

ఐదు. పట్టా ఎవరి పేరన? భార్యాభర్తలిద్దరి పేరనా, కాదా? ఒంటరి మహిళలకు, పెళ్ళయి వేరుపడిన కొడుకులకు విడిగా ఇస్తారా? ఊరంతా ఒకేచోటికి వెళ్తుందా, చెల్లాచెదురవుతుందా? అక్కడ ముందు నుంచీ ఉన్న ఊరివాళ్ళతో మాట్లాడారా?

ఈ ఐదింటికి సరైన జవాబులు వచ్చి, ఊరు ఇష్టపడితే, మనం అడ్డం పడనక్కర్లేదు. ఆ డోలీ మోత తప్పడమే మనకూ కావాలి. జవాబులు రాకపోతే మాత్రం, వాళ్ళు చెప్పే పేదరిక నిర్మూలన కాగితం మీదే ఉంటుంది. కాలనీలో పేదరికం ఇంకో రూపంలో మొదలవుతుంది.

సంఘం తరఫున మూడు పనులు పెట్టుకుందాం. ముంపు, అటవీ, ఏజెన్సీ మండలాల్లో ప్రతి ఊరికీ చట్టం చదివి చెప్పగల ఇద్దరిని తయారుచేయాలి. ఇప్పటికే కాలనీలకు మారిన ఊళ్ళకు వెళ్ళి, ఎనిమిది నష్టాల జాబితా పట్టుకుని ఇంటింటికీ రాసుకురావాలి. ఎవరు భూమి పొందారు, ఎవరు కూలికి పోతున్నారు, ఎవరు పాత ఊరికి తిరిగి వెళ్ళారు అన్నది మన దగ్గర ఉండాలి. కలెక్టరు ముందు మాట్లాడేటప్పుడు ఆవేశం కంటే ఆ జాబితా ఎక్కువ పని చేస్తుంది. మూడోది, కొత్త కాలనీ వచ్చిన చోట పాత ఊరి రైతులను, వచ్చినవాళ్ళను ఒకే సంఘంలో కూర్చోబెట్టాలి. మేత బీడు దగ్గర, బోరు దగ్గర వాళ్ళిద్దరూ కొట్టుకుంటే లాభం ఇంకెవరికో పోతుంది.

ముంపు గ్రామాల నుంచి వచ్చినవాళ్ళు ఈ గదిలో ఉన్నారు. మధ్యాహ్నం చర్చలో ముందు వాళ్ళే మాట్లాడాలని అధ్యక్షవర్గాన్ని కోరుతున్నాను. నేను చెప్పినదాంట్లో తప్పులుంటే వాళ్ళు సరిదిద్దుతారు.